టొరంటో తొలి మేయరు ఒక పత్రికాధిపతి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

పత్రిక నడిపేవారు ఎన్నికల్లో నిలబడవచ్చునా, నిలబడి గెలిస్తే ఆ పత్రికను ఏం చేయాలి అన్న విషయం మీద మీ ఉత్తరాల శీర్షికలో జరుగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. పత్రిక పెట్టేదే పదవి కోసమని కొందరు, ఊరి బాగోగులు రాసినవాడికే ఊరిని నడిపే అర్హత ఉంటుందని మరికొందరు తీర్పు చెప్పేశారు. రెండూ తొందరపాటేనని నా నమ్మకం. నేను చాలా ఏళ్ళుగా నివసిస్తున్న టొరంటో నగరానికి మొట్టమొదటి మేయరుగా పనిచేసిన విలియం లయన్ మెకెంజీ జీవితం ఈ చర్చకు నేరుగా పనికివస్తుంది. ఇక్కడ ఆయనను ఎక్కువగా 1837 నాటి తిరుగుబాటు నాయకుడిగానే తలచుకుంటారు. మేయరు పీఠం మీద గడిపిన కొద్ది నెలలను ఒకటి రెండు మాటల్లో దాటవేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో మనం జాగ్రత్తగా చదవవలసిన భాగం అదేననిపిస్తుంది.

మెకెంజీ 1795లో స్కాట్లండ్‌లోని డండీలో పుట్టారు. పుట్టిన కొద్ది వారాలకే నేతపని చేసే తండ్రి పోతే, తల్లే పెంచి పెద్దచేసింది. 1820లో కెనడా చేరి, కొన్నాళ్ళు దుకాణాలు నడిపి, 1824 మే 18న నయాగరా నది ఒడ్డున క్వీన్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో ‘కలోనియల్ అడ్వొకేట్’ పత్రికను ప్రారంభించారు. అప్పటికి ఆ ప్రాంతం అప్పర్ కెనడా అనే బ్రిటిష్ వలస రాజ్యం. లండన్ పంపిన లెఫ్టినెంట్ గవర్నరు, ఆయన చుట్టూ చేరిన కొద్ది కుటుంబాలవారు అక్కడి భూములను, ఉద్యోగాలను, కోర్టులను, బ్యాంకును తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ‘ఫ్యామిలీ కాంపాక్ట్’ అని జనం పిలిచిన ఆ వర్గంలో ఎవరికి ఏ ఉద్యోగం దక్కింది, ఎవరు ఎవరికి అల్లుడు, ఎవరు ఎవరికి బావమరిది అన్నది పేర్లతో సహా అచ్చువేయడం మెకెంజీ పని. ఆయన పత్రికంటే పాలకులకు ఎంత గిట్టేది కాదో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1824లో క్వీన్‌స్టన్‌లో బ్రిటిష్ సేనాని జనరల్ బ్రాక్ స్మారక స్తంభానికి పునాది వేసినప్పుడు అందులో ఉంచిన వస్తువులతో పాటు ‘కలోనియల్ అడ్వొకేట్’ ప్రతి ఒకటి చేరిందని తెలిసి, పునాది తవ్వించి మరీ దాన్ని బయటికి తీయించారు.

ఆ ఏడాది చివరలోనే ఆయన పత్రికను రాజధాని యార్క్‌కు తరలించారు. ఆ యార్కే తరువాత టొరంటో అయింది. చందాదారులు డబ్బు కట్టకపోవడంతో అప్పులు పెరిగాయి. 1826 వేసవి నాటికి ఆయన అప్పులవాళ్ళకు కనబడకుండా నది దాటి అమెరికా వైపు వెళ్ళిపోయి ఉన్నారు. పత్రిక దాదాపు మూతపడినట్టే. సరిగ్గా ఆ సమయంలో, జూన్ 8వ తేదీన, పెద్దల కుటుంబాల యువకులు కొందరు పట్టపగలు ఆయన అచ్చుకూటం తలుపులు బద్దలుకొట్టి లోపలికి చొరబడి, యంత్రాన్ని పాడుచేసి, అచ్చు అక్షరాలను తీసుకువెళ్ళి సరస్సులో పారబోశారు. వారిలో అటార్నీ జనరల్ దగ్గర పనిచేసే గుమాస్తాలు కూడా ఉన్నారు. మేజిస్ట్రేట్లు చూస్తూ కూడా అడ్డుపడలేదు.

గుంటూరు జిల్లాలో మా నాన్నగారు నడిపిన చిన్న అచ్చుకూటంలో పెరిగినవాణ్ణి కాబట్టి, అక్షరాలు నీళ్ళపాలు కావడమంటే ఏమిటో నాకు తెలుసు. కేసుల్లో ఏ గడిలో ఏ అక్షరం ఉంటుందో కంపోజిటరు చూడకుండానే చెయ్యిపెట్టి తీస్తాడు. గుణింతాలు, ఒత్తులు వేరువేరు గడుల్లో ఉంటాయి. ఒక్క కేసు చేయిజారి కిందపడి అక్షరాలు కలిసిపోతే, వాటిని మళ్ళీ ఏరి సర్దడానికి ఇంటిల్లిపాది రోజంతా కూర్చోవలసి వచ్చేది. కొత్త సీసం అక్షరాలు మద్రాసు నుంచి తెప్పించుకోవడమంటే చిన్న ప్రెస్సువాడికి తలకు మించిన ఖర్చు. యార్క్‌లో ఆ రోజు జరిగిన పని ఒక మనిషి నోరు నొక్కడంతో పాటు అతని బతుకుతెరువును కూడా నీళ్ళలో కలిపేయడం. అయితే వారు ఆశించింది జరగలేదు. మెకెంజీ తిరిగి వచ్చి దావా వేశారు. జ్యూరీ 625 పౌండ్లు నష్టపరిహారంగా ఇప్పించింది. ఆ డబ్బుతో అప్పులు తీరి, మూతపడబోయిన పత్రిక మళ్ళీ నిలదొక్కుకుంది. ప్రత్యర్థులు తామే చేజేతులా ఆయనను రాజధానిలో అందరికీ తెలిసిన మనిషిని చేశారు.

1828లో ఆయన శాసనసభకు ఎన్నికయ్యారు. సభను అవమానించే రాతలు రాశారని 1831 డిసెంబరులో బహిష్కరిస్తే, 1832 జనవరి 2న జరిగిన ఉప ఎన్నికలో ఓటర్లు ఆయనకు 119 ఓట్లు, ప్రత్యర్థికి ఒకే ఒక ఓటు వేసి తిరిగి పంపారు. సభ మళ్ళీ వెళ్ళగొట్టింది, జనం మళ్ళీ ఎన్నుకున్నారు. ఇలా పలుమార్లు జరిగింది. ఆ కథ పెద్దది, దాన్ని ఇక్కడ వదిలివేస్తాను.

1834 మార్చి 6న యార్క్ పట్టణం టొరంటో అన్న పేరుతో నగరమైంది. జనాభా సుమారు తొమ్మిది వేలు. నగరాన్ని అయిదు వార్డులుగా విభజించి, ఒక్కో వార్డు నుంచి ఇద్దరు ఆల్డర్‌మెన్‌ను (కౌన్సిల్‌లో పెద్ద హోదా సభ్యులను), ఇద్దరు కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోరు, కౌన్సిలే ఎన్నుకోవాలి. మార్చి నెలాఖరులో జరిగిన ఎన్నికల్లో ఫ్యామిలీ కాంపాక్ట్‌ను వ్యతిరేకించే సంస్కరణవాదులకు ఆధిక్యం వచ్చింది. వారిలో డాక్టర్ జాన్ రాల్ఫ్ పేరు కూడా వినబడినా, ఏప్రిల్ మొదటివారంలో సమావేశమైన కౌన్సిల్ సెయింట్ డేవిడ్ వార్డు ప్రతినిధి మెకెంజీని మేయరుగా ఎన్నుకుంది. శాసనసభ గెంటివేసిన మనిషిని నగరం తన తొలి పౌరుణ్ణి చేసుకుందన్న సంతోషం ఆ ఎన్నికలో ఉంది, దానిని తప్పు పట్టలేం.

కానీ ఆయన చేతికి వచ్చింది తొమ్మిది వేల పౌండ్లకు పైబడిన అప్పు. అందులో ఎక్కువ భాగం కొత్త మార్కెట్టు భవనం కోసం చేసినది. వీధులు ఎంత బురదగా ఉండేవంటే ఊరికి ‘బురద యార్క్’ అని పేరు పడింది. మురుగు పోయే దారి లేదు. పదేళ్ళపాటు ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి షిల్లింగునూ పత్రికలో ప్రశ్నించిన మనిషి ఇప్పుడు తానే పన్ను వేయవలసి వచ్చింది. ఆస్తి విలువ మీద పౌండుకు మూడు పెన్నీల చొప్పున పన్ను నిర్ణయించారు. వెయ్యి పౌండ్లు అప్పు తెచ్చి, కింగ్ వీధిలో చెక్క పలకలతో కాలిబాటలు వేయించే పని మొదలుపెట్టారు. నగర చిహ్నాన్ని ఆయనే రూపొందించి, ‘శ్రమ, వివేకం, నిజాయితీ’ అన్న మూడు మాటలను నగర ఆదర్శంగా దాని మీద చేర్చారు. అందరూ గుర్తుపెట్టుకున్నది ఆ చిహ్నాన్ని. ఆ పన్నును కూడా గుర్తుపెట్టుకోవాలని నా విన్నపం, ఎందుకంటే పేరు పోతుందని తెలిసి కూడా ఆయన దాన్ని వేశారు.

పన్ను మీద వ్యతిరేకత చెలరేగింది. జూలై నెలాఖరులో మార్కెట్టులో బహిరంగ సభ జరిగింది. ఇప్పుడు సెయింట్ లారెన్స్ హాల్ ఉన్న చోటే ఆనాటి మార్కెట్టు. అరుపులు, కేకల మధ్య సభ మరునాటికి వాయిదా పడింది. మరునాడు జనం ఎక్కి నిలబడిన గ్యాలరీ ఒక్కసారిగా కూలిపోయింది. కింద మాంసం దుకాణాలు. మాంసం వేలాడదీసే ఇనప కొక్కేల మీద పడి కొందరు, బరువు కింద నలిగి కొందరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. ఆ భవనాన్ని కట్టించింది మెకెంజీ కాదు. అయినా నగరానికి అధిపతిగా ఆ దుర్ఘటన ఆయన ఏలుబడిలో జరిగిందన్న మాట మిగిలిపోయింది. తమ హయాంలో కట్టని వంతెన కూలినా జవాబు చెప్పుకోవలసి వచ్చే మన మున్సిపల్ అధ్యక్షులకు ఈ పరిస్థితి బాగా అర్థమవుతుంది.

అదే వేసవిలో కలరా వచ్చింది. 1832లో ఒకసారి ఊరిని కాటేసిన కలరా రెండోసారి విరుచుకుపడింది. చాలామంది ఊరు విడిచి వెళ్ళిపోతుంటే మేయరు కదలలేదు. రోగులను బండ్ల మీదికి ఎక్కించి ఆసుపత్రికి చేర్చే పనిలో స్వయంగా చేయి వేశారు. చివరికి తాను కూడా ఆ జబ్బు బారిన పడి, అదృష్టవశాత్తు బయటపడ్డారు. ఆనాటికి కలరా నీళ్ళ ద్వారా వస్తుందని వైద్యులకే తెలియదు. దుర్గంధం వల్ల వస్తుందనుకునే కాలం. అటువంటప్పుడు రోగి పక్కన నిలబడటం ఎంత ధైర్యమో, మొన్నటి కరోనా రోజుల్లో శవాన్ని మోయడానికి మనిషి దొరకని పరిస్థితిని చూసిన మన తరానికి వేరే చెప్పనక్కరలేదు. మెకెంజీ మీద ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క విషయంలో ఆయనకు నమస్కారం పెట్టాలి.

విమర్శలు లేకపోలేదు. ఆ రోజుల్లో మేయరు నగర న్యాయస్థానంలో కూడా కూర్చునేవారు. తాగి అల్లరి చేసిందన్న నేరం మీద తన ముందుకు తెచ్చిన ఒక పేద స్త్రీ, విచారణలో కోపంతో చెప్పులు తీసి ఆయన మీదికి విసిరింది. ఆమెను కాళ్ళకు బొండ (కాళ్ళు బిగించే కొయ్య చట్రం) వేసి నలుగురిలో కూర్చోబెట్టాలని ఆయన శిక్ష విధించారు. అప్పటికే కాలం చెల్లిపోతున్న ఆ శిక్షను, అందులోనూ ఒక ఆడమనిషికి, జనం పక్షాన మాట్లాడతానని పేరు తెచ్చుకున్న సంపాదకుడు విధించడం సమర్థించలేనిది. అదే పని పాత మేజిస్ట్రేటు ఎవరైనా చేసి ఉంటే ‘అడ్వొకేట్’ పత్రిక ఎన్ని కాలమ్‌ల నిండా రాసేదో ఊహించుకోవచ్చు. తనకు జరిగిన అవమానానికి తానే న్యాయమూర్తిగా కూర్చోకూడదన్న చిన్న నియమం ఆ రోజు ఆయనకు తట్టలేదు.

అంతకంటే పెద్ద లోపం పత్రికను చేతిలో ఉంచుకోవడం. మేయరు అయ్యాక కూడా చాలా నెలలు ఆయన పత్రికను తానే నడిపారు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు జోసెఫ్ హ్యూమ్ తనకు రాసిన ఒక ఉత్తరాన్ని 1834 మే నెలలో ఆయన అచ్చువేశారు. ‘మాతృదేశపు వినాశకర ఆధిపత్యం’ నుంచి ఈ వలసకు విముక్తి కలిగే ఘడియ దగ్గరపడుతోందని అందులో ఉంది. ప్రత్యర్థులకు అది దొరికిన ఆయుధమైంది. మితవాదులైన మిత్రులు ఇరుకున పడ్డారు. ఉత్తరాన్ని ప్రచురించే హక్కు సంపాదకుడిగా మెకెంజీకి ఉంది, దాన్ని నేను కాదనను. కానీ అదే నెలలో అదే మనిషి, అన్ని పక్షాలవారితో పన్ను కట్టించి కాలిబాటలు వేయించవలసిన మేయరు. కాలిబాట గురించి జరగవలసిన వాదన కాస్తా సామ్రాజ్యం ఉండాలా పోవాలా అన్న వాదనగా మారిపోయింది. పన్ను న్యాయమైనదే అని ఆయన పత్రిక రాస్తే ఎవరు నమ్ముతారు? పన్ను వేసినవాడూ, అది న్యాయమని రాసినవాడూ ఒకరే కదా. పదేళ్ళు కష్టపడి సంపాదించుకున్న విశ్వసనీయతను ఆయన మేయరు పీఠం కోసం రోజూ కొంచెం కొంచెం ఖర్చుపెట్టుకున్నారు. ఆ ఏడాది నవంబరులో పత్రికను మరొకరికి అప్పగించేశారు. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. 1835 జనవరి నగర ఎన్నికల్లో ఆయన తన వార్డులోనే ఓడిపోయారు. సంస్కరణవాదుల ఆధిక్యం పోయి, రాబర్ట్ బాల్డ్విన్ సలివన్ రెండో మేయరు అయ్యారు.

తరువాతి జీవితం వేగంగా చెబుతాను. శాసనసభలో ఉండి 1835లో ప్రజల ఫిర్యాదుల మీద సమగ్రమైన నివేదిక తయారుచేశారు. 1836లో సభ ఎన్నికల్లో ఓడిపోయి, జూలై 4న ‘కాన్‌స్టిట్యూషన్’ అనే కొత్త పత్రిక పెట్టారు. 1837 డిసెంబరులో యంగ్ వీధిలోని మాంట్‌గొమరీ సత్రం దగ్గర జనాన్ని కూడగట్టి సాయుధ తిరుగుబాటుకు దిగి, కొద్ది రోజుల్లోనే ఓడిపోయారు. ఆయన తల మీద వెయ్యి పౌండ్ల బహుమానం ప్రకటించారు. ఆయన అమెరికాకు తప్పించుకున్నారు. ఆయనను నమ్మి వెంట నడిచిన శామ్యూల్ లౌంట్, పీటర్ మాథ్యూస్ 1838 ఏప్రిల్ 12న టొరంటోలో ఉరికంబమెక్కారు. సన్నాహం లేకుండా రైతులను తుపాకుల ఎదుటికి నడిపించినందుకు చరిత్ర ఆయనను అడగవలసిన ప్రశ్నలున్నాయి. నేను వాటిని తేలిక చేయను. అమెరికాలో, పొరుగు దేశం మీద సాయుధ దాడికి సన్నాహాలు చేయడాన్ని నిషేధించే తటస్థత చట్టం కింద జైలుశిక్ష పడి, రోచెస్టర్ జైల్లో ఉన్నారు. అక్కడ కూడా పత్రిక వదలలేదు. 1849లో క్షమాభిక్ష లభించాక తిరిగి వచ్చి, 1851లో హాల్డిమండ్ నియోజకవర్గంలో ‘గ్లోబ్’ పత్రిక అధిపతి జార్జ్ బ్రౌన్‌ను ఓడించి మళ్ళీ సభలో అడుగుపెట్టారు. 1858లో రాజీనామా చేశారు. స్నేహితులు చందాలు పోగుచేసి కొనిచ్చిన బాండ్ వీధిలోని ఇంట్లో 1861 ఆగస్టు 28న కన్నుమూశారు. ప్రభుత్వపు డబ్బు లెక్కలు జీవితాంతం తవ్విన మనిషి తనకంటూ కూడబెట్టుకున్నది లేదు. ఆ ఇల్లు ఇప్పుడు నగర మ్యూజియం. వెనకవైపు ఆనాటి అచ్చుకూటాన్ని పునర్నిర్మించి ఉంచారు, సందర్శకుల ఎదుటే అక్షరాలు పేర్చి అచ్చువేసి చూపిస్తారు. ఇక్కడికి వచ్చే తెలుగువారు నయాగరా జలపాతం చూసి వెళ్ళిపోకుండా ఒక పూట దీనికి కేటాయించాలని కోరుతున్నాను.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట, మనకేమిటని ఎవరైనా అనవచ్చు. పత్రికకూ పురపాలనకూ మన నేల మీద కూడా పాత చుట్టరికమే ఉంది. 1874లో వీరేశలింగం గారు ‘వివేకవర్ధని’ పెట్టి, రాజమండ్రిలో అధికారుల లంచగొండితనాన్ని దాచకుండా అచ్చువేశారు. 1878లో మద్రాసులో ‘హిందూ’ పత్రికను నెలకొల్పిన ఆరుగురిలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు తరువాత రాజమండ్రిలో న్యాయవాదిగా స్థిరపడి, ఆ ఊరి పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. పత్రికతో ముడిపడిన మనిషి ఊరి పెద్ద కావడం మనకూ కొత్త కాదు, అందులో తప్పూ లేదు. ఊరి వీధుల గురించి ఏళ్ళ తరబడి రాసినవారికి ఆ వీధుల కష్టం తెలుస్తుంది. తప్పంతా రెండు పనులూ ఒకేసారి చేయడంలో ఉంది. మెకెంజీ వంటి నిజాయితీపరుడికే అది మోయలేని బరువైతే, వ్యాపార ప్రయోజనాలతో పత్రికలు, చానళ్ళు నడుపుతూ పదవుల్లో ఉన్నవారి విషయంలో పాఠకుడు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

అందువల్ల ఈ చర్చలో పాల్గొన్నవారి ముందు, ప్రత్యేకించి మీ ముందు, రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. మొదటిది, పురపాలక ఎన్నికలు వచ్చినప్పుడు పోటీచేస్తున్న అభ్యర్థుల్లో ఏ పత్రికలోగాని, ఏ చానల్లోగాని వాటా ఉన్నవారెవరో మీ జిల్లా సంచికల్లో ప్రకటించండి. వారు మీ సంస్థకు సంబంధించినవారైతే ఆ సంగతిని అందరికంటే ముందు ప్రకటించండి. గెలిచినవారు ప్రమాణ స్వీకారం చేసే లోపే పత్రిక యాజమాన్యాన్ని, సంపాదకత్వాన్ని మరొకరికి అప్పగించాలన్న షరతును చట్టం పెట్టకపోయినా పత్రికలే పెట్టుకోవచ్చు. మెకెంజీ నవంబరులో చేసిన పని ఏప్రిల్‌లోనే చేసి ఉంటే, కలరా రోజుల్లో ఆయన చూపిన ధైర్యాన్ని మెచ్చుకోవడానికి ఆయన ప్రత్యర్థులకు కూడా అవకాశం దొరికేది.

రెండోది, ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి షిల్లింగునూ మెకెంజీ పత్రిక ప్రశ్నించింది కాబట్టి అడుగుతున్నాను. నగరపాలక సంస్థల బడ్జెట్లు ఆమోదానికి ముందే, అంటే కౌన్సిల్ ఓటు వేయడానికి కనీసం పది రోజుల ముందు, మీ స్థానిక పేజీల్లో సామాన్యుడికి అర్థమయ్యే విధంగా వేయండి. ఇంటిపన్ను, నీటిపన్ను కింద ఎంత వసూలైంది, అందులో మురుగు కాలువలకు ఎంత, జీతాలకు ఎంత, పాత అప్పుల వడ్డీకి ఎంత, ఏ వార్డుకు ఎంత అన్నది ఒక పేజీలో వస్తే చాలు. ఇప్పుడు మా ఊరి స్నేహితులను ఫోన్లో అడిగితే, బడ్జెట్ సమావేశంలో ఎవరు ఎవరిని తిట్టారో చెబుతున్నారు గాని, తమ వార్డు కాలువకు ఎంత కేటాయించారో చెప్పలేకపోతున్నారు. వారికి ఆ అంకె అందించే పని మీరు వచ్చే బడ్జెట్ నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాత పాఠకుడు,
టొరంటో, కెనడా